మూగబోయిన కంప్యూటర్ మూడు తీగలతో మాట్లాడింది

‘బగ్’ అనే మాట కంప్యూటర్లతోపాటే పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు రావడానికి అరవై ఏళ్లకు పైగా ముందే, 1878లో, థామస్ ఆల్వా ఎడిసన్ ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. కొత్త ఆలోచన తట్టడం తేలికే. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. చిన్నచిన్న లోపాలు ఒకటొకటిగా తలెత్తుతాయి. వాటినే బగ్స్ అంటారు, నెలల తరబడి కాపు కాస్తేగానీ అవి లొంగవు... ఇదీ ఆ ఉత్తరం సారాంశం. అప్పట్లో ఆయన ప్రయోగశాల న్యూజెర్సీలోని మెన్లో పార్క్‌లో ఉండేది. ఆ చిన్న ఊరు ఇప్పుడు ఎడిసన్ టౌన్‌షిప్‌లో భాగం. ఔను, మన తెలుగువాళ్లు ఎక్కడ చూసినా కనిపించే ఎడిసనే!

పిల్లల్ని చూడ్డానికి ఇక్కడికొచ్చే అమ్మానాన్నలకు ఒక చుట్టు ఖాయంగా ఉంటుంది. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి, ఓక్ ట్రీ రోడ్డులో దోసెలు, చీరల కొట్లు, ఒక రోజు న్యూయార్క్, రెండు రోజులు నయాగరా. అవి అయిపోయాక సోఫా, టీవీ, కిటికీలోంచి ఖాళీ రోడ్డు. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు మా పరిస్థితీ అంతే. ఒక శనివారం పొద్దున మా మనవరాలు “తాతయ్యా, ఇవాళ పాత కంప్యూటర్లు బాగుచేసే చోటికి వెళ్దాం” అంది. దానికి పన్నెండేళ్లు. మా ఆవిడ పులిహోర కట్టింది. అందరం కారెక్కాం.

మేం వెళ్లింది సముద్రం వైపు, గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణానికి. ఆ రోడ్డుకో సౌలభ్యం ఉంది. ఎగ్జిట్ నంబర్లు మైళ్ల లెక్కన ఉంటాయి. మెన్లో పార్క్ దగ్గర 131, మేం దిగాల్సింది 98. అంటే 33 మైళ్లు. ముప్పావుగంట ప్రయాణం. ఆ కాస్త దూరంలో నూట యాభై ఏళ్ల కబుర్ల చరిత్ర ఉంది. కబుర్లంటే ఊసుపోక చెప్పుకునేవి కావు. తీగల మీదా, గాలిలోనూ పంపుకున్నవి.

బల్బు తొడిగిన గోపురం

మొదటి మజిలీ మెన్లో పార్క్. క్రిస్టీ వీధిలో ఎడిసన్ పాత ప్రయోగశాల ఉన్న స్థలంలో 1938లో కట్టిన స్మారక స్తంభం ఉంది. దాదాపు 130 అడుగుల ఎత్తు. పైన పెద్ద బల్బు ఆకారం. దూరం నుంచి చూస్తే ఎవరో ఆకాశానికి హోల్డర్ తగిలించినట్టుంటుంది. పక్కనే చిన్న మ్యూజియం. 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో విద్యుద్దీపం రూపుదిద్దుకున్నది ఇక్కడే.

ఎడిసన్ కుర్రతనంలో టెలిగ్రాఫ్ ఆపరేటర్. ఆ మాట చదివితే నాకు చుట్టరికం కలిసినట్టనిపిస్తుంది. నేనూ టెలిగ్రాఫ్ ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యాను. మోర్స్ కీ మీద మొదలుపెట్టి టెలిప్రింటర్‌తో ముగించాను. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. పుట్టుకకీ, చావుకీ, పెళ్లికీ, ఉద్యోగానికీ గుమ్మంలో సైకిల్ బెల్లు కొట్టిన ఆ కాగితం ఎలా ఉండేదో మా మనవరాలికి తెలియదు.

హోమ్‌డెల్‌లో వినిపించిన ఆకాశం

దారిలో 114వ ఎగ్జిట్ దగ్గర హోమ్‌డెల్. అక్కడ బెల్ ల్యాబ్స్ పాత భవనం చూడదగ్గది. ఈరో సారినెన్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి గీసిన అద్దాల మేడ, 1962లో తెరిచారు. ఇప్పుడు దాని పేరు బెల్ వర్క్స్. లోపల ఆఫీసులు, దుకాణాలు, కాఫీ హోటళ్లు. బయట మూడు కాళ్ల మీద నిలబడ్డ తెల్లటి నీళ్ల ట్యాంకు ట్రాన్సిస్టర్ ఆకారంలో ఉంటుంది. 1947లో ట్రాన్సిస్టర్‌ను కనిపెట్టింది బెల్ ల్యాబ్స్ వాళ్లే మరి.

కానీ ఈ ఊరి అసలు గొప్పతనం వినడంలో ఉంది. 1930ల మొదట్లో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజినీరు సముద్రాలు దాటే రేడియో ఫోన్లలో గరగర ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకొమ్మంటే ఇక్కడి పొలంలో ఏరియల్ కట్టి కూర్చున్నాడు. ఉరుముల శబ్దాలు పోగా ఇంకో సన్నటి చప్పుడు మిగిలింది. అది పాలపుంత నుంచి వస్తోందని తేలింది. రేడియో ఖగోళశాస్త్రం అలా మొదలైంది. 1964లో ఇదే ఊళ్లోని గుట్ట మీద పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు పెద్ద కొమ్ము ఆకారపు యాంటెన్నాలో వదలని రొద వినిపించింది. పరికరంలో లోపమేమోనని అంతా విప్పి చూశారు. లోపల చేరిన పావురాల రెట్టలు కడిగారు. అయినా పోలేదు. చివరికి అది విశ్వం పుట్టినప్పటి వేడిలో మిగిలిన జాడ అని తెలిసింది. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇద్దరి కథా ఒక్కటే. లోపం ఎక్కడుందా అని వెతికారు. వినిపించిన దాన్ని కొట్టిపారేయకుండా రాసిపెట్టుకున్నారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

చందమామను పలకరించిన చోటు

98వ ఎగ్జిట్ దగ్గర దిగితే వాల్ అనే టౌన్‌షిప్. అక్కడ మార్కోనీ రోడ్డులో ఇన్ఫోఏజ్ అనే మ్యూజియంల సముదాయం ఉంది. ఒకప్పుడు ఇది క్యాంప్ ఇవాన్స్, అమెరికా సైన్యం ప్రయోగశాల. పాత ఇటుక భవనాలు, చెట్లు, షార్క్ నది గాలి. మన దగ్గర పాత రైల్వే కాలనీల్లోకి అడుగుపెట్టినట్టుంటుంది.

ఈ స్థలాన్ని మొదట కట్టించుకున్నది మార్కోనీ కంపెనీ. 1914 ప్రాంతంలో అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చే వైర్‌లెస్ సందేశాలు అందుకోవడానికి బెల్మార్ స్టేషన్ పేరుతో ఏర్పాటు చేసింది. పంపే కేంద్రం న్యూబ్రన్స్‌విక్‌లో, వినే కేంద్రం ఇక్కడ. ఎందుకలా? నోరూ చెవీ ఒకేచోట ఉంటే సొంత అరుపులో అవతలివాళ్ల మాట వినిపించదు కదా! ఆ ఏడాది జనవరిలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే యువకుడు తాను తయారుచేసిన రిసీవర్‌ను ఇక్కడికి తెచ్చి, దూరదేశాల సన్నటి సంకేతాల్ని కూడా పట్టి చూపించాడు. ఆ రాత్రి పక్కన కూర్చుని విన్న డేవిడ్ సార్నాఫ్ తర్వాత ఆర్‌సీఏ కంపెనీని ఏలాడు. ఆర్మ్‌స్ట్రాంగేమో ఆ తర్వాతి కాలంలో ఎఫ్.ఎం. రేడియోను ప్రపంచానికి ఇచ్చాడు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ చోటు రాడార్ల కార్ఖానాగా మారింది. యుద్ధం ముగిశాక, 1946 జనవరి 10న, ఇక్కడి ఇంజినీర్లు పెద్ద ఏరియల్‌ను ఉదయిస్తున్న చంద్రుడి వైపు తిప్పి రేడియో తరంగం వదిలారు. రెండున్నర సెకన్లకు ప్రతిధ్వని తిరిగొచ్చింది. భూమి మీది నుంచి పంపిన సంకేతం మరో గోళాన్ని తాకి తిరిగి రావడం గుర్తించింది అదే మొదటిసారి. ఆ పనికి ప్రాజెక్ట్ డయానా అని పేరు. సైన్యం ఖాళీ చేశాక స్థానికులు పట్టుబట్టి ఈ భవనాలు కూలిపోకుండా కాపాడారు. 2012లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఇప్పుడు ఒక్కో భవనంలో ఒక్కో మ్యూజియం: రేడియోలు, సైనిక పరికరాలు, ఓడ ప్రమాదాలు, బొమ్మ రైళ్లు. మేం వచ్చింది కంప్యూటర్ల కోసం.

ఎదురుపడ్డ పాత స్నేహితుడు

పాత కంప్యూటర్ల మ్యూజియాన్ని వింటేజ్ కంప్యూటర్ ఫెడరేషన్ అనే స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది. గదిలో అడుగుపెట్టగానే బీరువాలంత యంత్రాలు. యుద్ధనౌకల కోసం 1960లలో చేసిన యూనివాక్ 1219 ఉంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1965లో తెచ్చిన పీడీపీ-8 ఉంది. దాని జ్ఞాపకశక్తి మొత్తం 4,096 మాటలు. మాటకు 12 బిట్లు. అప్పటి ధర 18 వేల డాలర్లు. అప్పట్లో అదే చవక!

12 బిట్లు అనగానే నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది. ఏ.ఎస్.రావు నగర్ అని మనం రోజూ అనే పేరు అయ్యగారి సాంబశివరావుగారిది. ఆయన సారథ్యంలో 1967లో మొదలైన ఈసీఐఎల్ నుంచి 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. అదీ 12 బిట్ల యంత్రమే. ఇక్కడి పీడీపీ-8కి వరసకు తమ్ముడనుకోవచ్చు.

అసలు నన్ను నిలబెట్టేసింది ఇంకోటి. ఆ కాలపు కంప్యూటర్లకు తోడుండే టెలిటైప్ మోడల్ 33. కీబోర్డు, కాగితం చుట్ట, పక్కన చిల్లుల టేపు. తెర లేని రోజుల్లో కంప్యూటర్ ఏం చెప్పినా దీని మీదే టకటకా అచ్చు వేసేది. మా ఆఫీసులో టెలిప్రింటర్లు ఇలాగే ఉండేవి. కంపెనీ వేరు, కోడ్ వేరు, వేగం వేరు. కానీ ఆ నూనె వాసన, ఆ చప్పుడు అవే. “తాతయ్యా, మీకిది వచ్చా?” అని మనవరాలు నోరెళ్లబెట్టింది. ఫోన్ వాడటం రాదని రోజూ నన్ను ఆటపట్టించే పిల్ల!

పచ్చ తెర, మాట లేని యంత్రం

మేం వెళ్లిన రోజు మరమ్మతుల శిబిరం జరుగుతోంది. ఏడాదిలో కొన్ని వారాంతాల్లో ఇలా పెడతారు. ఎవరి అటక మీది పాత కంప్యూటర్ వాళ్లు తెచ్చుకోవచ్చు. తెలిసినవాళ్లు పక్కన కూర్చుని సాయం చేస్తారు. పొడవాటి బల్లలు, టంకం వాసన, స్క్రూల డబ్బాలు. అబిడ్స్‌లో రేడియో రిపేరు కొట్టు గుర్తొస్తుంది.

ఒక బల్ల మీద ఆమిగా 500 ఉంది. కమోడోర్ కంపెనీ 1987లో తెచ్చిన ఇంటి కంప్యూటర్ ఇది. రంగులకీ, సంగీతానికీ ఆ రోజుల్లో దీనికి సాటి తక్కువ. కంపెనీ 1994లో దివాలా తీసింది. కాబట్టి చెడిపోతే చెప్పుకోవడానికి సర్వీస్ సెంటర్ ఉండదు. తెచ్చినాయనకు నలభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిందట. ఆన్ చేస్తే తెర అంతా ఒట్టి పచ్చరంగు. అక్షరం లేదు, బొమ్మ లేదు.

బల్ల వెనక కూర్చున్న వాలంటీరు నా ఈడువాడే. టెలిఫోన్ పరికరాల మీద పనిచేసి రిటైరయ్యాడట. మా మనవరాల్ని దగ్గరికి పిలిచి చెప్పాడు. “ఇది మూగదే కానీ సైగ చేస్తోంది చూడు. ఎర్ర తెర వస్తే రోమ్ చిప్పులో తేడా. పచ్చ తెర వస్తే మెమరీలో తేడా. ఎక్కడ అనేది మాత్రం తెర చెప్పలేదు. ఎందుకంటే తెర మీద ఒక్క అక్షరం గీయాలన్నా ఆ మెమరీయే కావాలి.”

మరి ఎలా? ఆయన కంప్యూటర్ వెనక్కి తిప్పాడు. అక్కడ 25 పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. దాని గుండా మాట పంపడానికి తెర అక్కర్లేదు, ఆ పాడైన మెమరీ అక్కర్లేదు. ప్రాసెసర్, రోమ్, చిన్నపాటి సర్క్యూట్ బతికుంటే చాలు. అందుకే ఇల్లంతా చీకటైపోయినా వెలిగే గుడ్డిదీపం లాంటిది ఈ పోర్టు.

మామూలు రోమ్ చిప్పు తీసి, డయాగ్‌రోమ్ అనే పరీక్షల చిప్పు పెట్టాడు. ఆమిగాను ప్రేమించే ఔత్సాహికులు ఇటీవలి సంవత్సరాల్లో తయారుచేసుకున్న సాధనం ఇది. ఒక్కో పరీక్ష చేస్తూ, ఏం చేస్తోందో, ఏం కనిపించిందో సీరియల్ తీగ మీద చెబుతూ పోతుంది. అవతలి చివర ఓ ల్యాప్‌టాప్. దాని పని ఒక్కటే. వచ్చిన ప్రతి అక్షరాన్నీ చూపించడం, ఫైలులో దాచడం.

మూడే తీగలు

కేబుల్ కట్టే పని మా మనవరాలికి ఇచ్చాడు. ఇక్కడో మాట. 1990లలో ఇంట్లో కంప్యూటర్ కొన్నవాళ్లకు ఈ సీరియల్ పోర్టు తెలిసే ఉంటుంది. వెనకవైపు 9 పిన్నుల సాకెట్. మౌస్ దానికే తగిలించేవాళ్లం. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలయ్యాక కీచుమని అరిచే మోడెం కూడా దానికే. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో గుమాస్తా ముందుండే నల్లటి టెర్మినల్ తెరలకూ ఇలాంటి సీరియల్ తీగలే ఆధారం.

సీరియల్ అంటే వరస. ఎనిమిది మంది పక్కపక్కన నడిస్తే వెడల్పాటి రోడ్డు కావాలి. ఒకరి వెనక ఒకరు నడిస్తే పొలం గట్టు చాలు. సీరియల్ తీగలో బిట్లు అలా గట్టు మీద చీమల బారులా వెళ్తాయి. ఆర్.ఎస్.-232 అనే ఈ ఏర్పాటును అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ 1960లో ప్రామాణికం చేసింది. తీగ మీద మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉంటే ‘1’, ప్లస్ 3 నుంచి 15 మధ్య ఉంటే ‘0’. ఒక అక్షరానికి 8 బిట్లు. ముందు ‘ఇదిగో వస్తున్నా’ అనడానికి ఒక స్టార్ట్ బిట్, చివర ‘అయిపోయింది’ అనడానికి ఒక స్టాప్ బిట్. మొత్తం పది.

ఇది వినగానే నాకు నవ్వొచ్చింది. మా టెలిప్రింటర్‌లోనూ ఇంతే! అక్షరానికి ఐదు పల్సులు, ముందు స్టార్టు, వెనక స్టాపు. వేగాన్ని కొలిచే ‘బాడ్’ అనే మాట కూడా ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ ఇంజినీరు బోడో పేరు మీదిదే. మాది 50 బాడ్, నిమిషానికి 400 అక్షరాలు. ఆమిగా తీగ 9600 బాడ్, సెకనుకు 960 అక్షరాలు. మాకు రెండు నిమిషాలు దాటి పట్టే పని దానికి ఒక్క సెకను. వేగం మారింది, పద్ధతి మారలేదు.

కేబుల్‌కు కావాల్సింది మూడే తీగలు. ఇటువైపు పంపేది అటువైపు వినేదానికి, అటువైపు పంపేది ఇటువైపు వినేదానికి, మూడోది ఎర్త్. ఒకరి నోరు రెండోవారి చెవికి కలపాలన్నమాట. ఇద్దరి నోళ్లూ కలిపితే ఎవరికీ ఏమీ వినపడదు. 25 పిన్నుల సాకెట్లో 2వది పంపేది, 3వది వినేది, 7వది ఎర్త్. 9 పిన్నుల దాంట్లో 2వది వినేది, 3వది పంపేది, 5వది ఎర్త్. కాబట్టి 2ని 2కి, 3ని 3కి, 7ని 5కి కలిపితే సరిపోతుంది. మిగతా పిన్నుల జోలికి వెళ్లొద్దని ఆయన రెండుసార్లు చెప్పాడు. ఆమిగాలో కొన్ని పిన్నులు 12 వోల్టుల కరెంటు మోస్తుంటాయి. 25 తీగలూ ఉన్న కేబుల్ తెచ్చి గుచ్చితే అవతలి పరికరం కాలిపోవచ్చు. అలాగే ఈ రోజుల్లో చిన్న బోర్డులకు వాడే 3.3 వోల్టుల అడాప్టర్లు దీనికి పనికిరావు. ఆర్.ఎస్.-232 అని స్పష్టంగా రాసి ఉన్న యూఎస్‌బీ కేబులే వాడాలి.

మనవరాలు మూడు తీగలూ టంకం వేసింది. ల్యాప్‌టాప్‌లో 9600 అని, 8 బిట్లు అని, ఒక స్టాప్ బిట్ అని పెట్టారు. ఆమిగా స్విచ్ వేశారు. పెద్ద తెర మీద ఏమీ మారలేదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం వరసలు జలజలా పడ్డాయి. చుట్టూ ఉన్న నలుగురూ ఒక్కసారి ముందుకు వంగారు. మా ఆవిడ కూడా!

పదహారింటిలో ఒక్కటి

ఆ వరసల్లో ఏముంది? ఫలానా చోట ఫలానా సంఖ్య రాశాను, తిరిగి చదివితే ఫలానా సంఖ్య వచ్చింది అని ఉంది. రాసిందీ చదివిందీ పక్కపక్కనే. ఎక్కడ చూసినా 16 బిట్లలో ఒకటే తేడా, ఎప్పుడూ అదే స్థానం. ఆ రకం ఆమిగా బోర్డు మీద మెమరీ చిప్పులు సరిగ్గా 16. ఒక్కో చిప్పు ఒక్కో బిట్టుకు కాపలా. అంటే తప్పు చేస్తున్న బిట్టు సంఖ్య తెలిస్తే పోయిన చిప్పు ఏదో తెలిసినట్టే. పదహారూ మార్చక్కర్లేదు. ఒక్కటి మారిస్తే చాలు.

ఆ ఒక్కదాని కాళ్లు జాగ్రత్తగా కత్తిరించి, టంకం తీసి, సాకెట్ వేసి, కొత్త చిప్పు పెట్టడానికి గంటన్నర పట్టింది. ఈలోగా మేం చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. వాలంటీరుకూ పెట్టాం. కారం ఎక్కువైందని కళ్లు తుడుచుకుంటూనే రెండోసారి పెట్టించుకున్నాడు.

తింటూ ఓ సంగతి చెప్పాడు. ఆమిగా నడుస్తూ నడుస్తూ కుప్పకూలితే నల్ల తెర మీద ఎర్రటి పెట్టె మెరుస్తూ ‘గురు మెడిటేషన్’ అని వచ్చేదట, ఏవో అంకెలతో. మా మనవరాలు పకపకా నవ్వింది. ఆమిగా ఇంజినీర్ల దగ్గర నిలబడి ఆడే ఒక ఆట పలక ఉండేదనీ, యంత్రం మొరాయించి విసుగెత్తినప్పుడు దాని మీద బాసింపట్టు వేసుకుని కదలకుండా కూర్చునేవాళ్లనీ, ఆ పేరు అలా వచ్చిందనీ చెప్పుకుంటారు. తొలి ఆమిగాల్లో ఆ ఎర్ర పెట్టె వచ్చినప్పుడు మౌస్ ఎడమ బటన్ నొక్కితే కంప్యూటర్ మళ్లీ మొదలయ్యేది. కుడి బటన్ నొక్కితే సీరియల్ పోర్టు తెరుచుకునేది. అవతల 9600 బాడ్ మీద టెర్మినల్ ఉంటే, కూలిపోయిన క్షణాన లోపల ఏముందో అడిగి తెలుసుకోవచ్చు. ఎడమ నొక్కితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. కుడి నొక్కితే కారణం దొరుకుతుంది. తొందరపడి ఎడమ నొక్కేవాళ్లే ఎక్కువట.

గంటన్నర తర్వాత పాత రోమ్ తిరిగి పెట్టి స్విచ్ వేశారు. పచ్చ రాలేదు. తెల్లటి తెర మీద చేత్తో ఫ్లాపీ పట్టుకున్న నీలిరంగు బొమ్మ వచ్చింది. ఫ్లాపీ పెట్టమని అడుగుతోందన్నమాట. తెచ్చినాయన ఏమీ అనలేదు. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. పక్క బల్లలవాళ్లు చప్పట్లు కొట్టారు.

రాసిపెట్టుకున్నదే మిగులుతుంది

అంతా లేచిపోతుంటే వాలంటీరు ఇంకో పని చేశాడు. ల్యాప్‌టాప్‌లో దాచిన ఆ వరసల ఫైలుకు తేదీ, యంత్రం రకం, పోయిన చిప్పు, చేసిన మరమ్మతు అన్నీ కింద రాసి భద్రపరిచాడు. “ఇంత పని దేనికి? బాగైంది కదా” అన్నాను.

“ఈ గదిలో ఈ పని తెలిసినవాళ్ల వయసులు చూడండి” అన్నాడాయన. చూశాను. అరవై లోపువాళ్లు తక్కువే. “కంపెనీ లేదు. చేసినవాళ్లలో చాలామంది లేరు. నాకు తెలిసింది నాతో పోతే తర్వాతివాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. యంత్రం చెప్పింది యంత్రం మాటల్లోనే ఉంటే, దానికి మేం ఏం చేశామో పక్కన ఉంటే, రేపు ఎవరికైనా దారి దొరుకుతుంది.”

నాకు మా ఆఫీసు మెకానిక్ గుర్తొచ్చాడు. టెలిప్రింటర్ దగ్గరికి వచ్చి ఒక్క నిమిషం చెవి ఒగ్గేవాడు. ఏ స్ప్రింగు వదులైందో, ఏ కాంటాక్టు అరిగిందో చప్పుడును బట్టి చెప్పేవాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన లెక్క తప్పడం నేను ఎరగను. ఆ విద్య ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఆయన పోయారు. తర్వాత యంత్రాలు తూకానికి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఎక్కడైనా ఒక టెలిప్రింటర్ దొరికినా, దాని చప్పుడు విని అర్థం చెప్పేవాళ్లు దొరకరు.

ఇది పాత సామాన్ల మీద మోజు అని కొట్టిపారేయక్కర్లేదు. ఈ రోజుకీ పెద్ద పెద్ద సర్వర్లు, ఆఫీసుల్లోని నెట్‌వర్క్ పెట్టెలు తెర లేకుండానే బతుకుతాయి. అవి మొరాయిస్తే ఇంజినీర్లు చేసేది ఇదే. కన్సోల్ అనే సీరియల్ పోర్టుకు తీగ తగిలించి, పడిపోయే ముందు చివరి వరస ఏమొచ్చిందో చదువుతారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే మన పిల్లలు రోజూ అనే ‘లాగ్ చూడాలి’ అన్న మాటకు అర్థం ఇలాంటిదే. మా అబ్బాయి కూడా ఆ మాట పదేళ్లుగా అంటున్నాడు. అదేమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

వెళ్లాలనుకుంటే...

ఎడిసన్, ఇజెలిన్, ప్రిన్స్‌టన్ ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఇది ఒక్క రోజు ప్రయాణం. పొద్దున మెన్లో పార్క్, తర్వాత హోమ్‌డెల్, మధ్యాహ్నం వాల్. ఇన్ఫోఏజ్ అన్ని రోజులూ తెరిచి ఉండదు, వారంలో కొన్ని మధ్యాహ్నాలే. నడిపేది వాలంటీర్లు కాబట్టి బయల్దేరే ముందు వేళలు కనుక్కోవాలి. భవనాలు విడివిడిగా ఉంటాయి. నడక ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నిదానంగా చూడొచ్చు, అడిగితే కూర్చోవడానికి కుర్చీ వేస్తారు. వసంతకాలంలో ఇక్కడ పాత కంప్యూటర్ల ఉత్సవం జరుగుతుంది. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి ఎందరో తమ యంత్రాలు తెచ్చి ప్రదర్శిస్తారు. పిల్లలు తాకొచ్చు, ఆడుకోవచ్చు. శిబిరానికి పాత కంప్యూటర్ తీసుకెళ్లేవాళ్లు ముందుగా పేరు నమోదు చేయించుకోవడం మంచిది.

తిరుగు ప్రయాణంలో కాసేపు ఆగాలనిపిస్తే బెల్మార్ బీచ్ పక్కనే. చెక్కల నడకదారి మీద సాయంత్రం గాలి హాయిగా ఉంటుంది. ఐస్‌క్రీం కొట్లూ ఉన్నాయి.

మా మనవరాలు ఆ మూడు తీగల కేబుల్‌ను ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు దాని దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా టెలిప్రింటర్ గురించి ఏదో ఒకటి అడుగుతుంది: బెల్లు ఎప్పుడు మోగేది, రిబ్బను ఎలా మార్చేవాళ్లు, లైను తెగితే ఎలా తెలిసేది అని. నేను చెబుతుంటే అవతల పెన్ను చప్పుడు వినిపిస్తుంది. మీ ఇంట్లో ఈసీఐఎల్‌లోనో, రైల్వేలోనో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే వాళ్లనూ అడగండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.